రెండు వందల రోజుల గోడ

విజయవాడ పటమటలో పవనపుత్ర రెసిడెన్సీ అనే ఐదంతస్తుల భవనం ఉంది. పేరు పెట్టింది బిల్డరు. పేరు పెట్టాక ఆయనే దాని చుట్టూ ఇంకో నాలుగు అపార్టుమెంట్లు కట్టి, గాలికి ఆ ఛాయలకు రావాల్సిన శ్రమ లేకుండా చేశాడు. పక్క భవనానికీ దీనికీ మధ్య ఎంత దూరమంటే, ఈ వంటింటి కిటికీలోంచి ఆ వంటింటి కిటికీలోకి కరివేపాకు రెబ్బ అందించొచ్చు. అందుకున్నవాళ్ళు అక్కడినుంచే మన పులుసులో ఉప్పు ఎక్కువైందని చెప్పొచ్చు.

పగలంతా ఆ గోడలన్నీ ఎండ తాగేవి. సాయంత్రం ఆరయ్యాక ఒకదాని మొహాన ఒకటి దాన్ని కక్కుకునేవి. కృష్ణ ఒడ్డున ముప్పై రెండు డిగ్రీలున్న సాయంత్రం ఈ సందులో ముప్పై ఏడు ఉండేది. ఈ సంగతి అందరికీ ఒంటిమీద తెలుసు. డిగ్రీల్లో తెలిసింది మాత్రం మూడో అంతస్తు హైమవతికి.

హైమవతి ఊరి బయట ఒక ఇంజనీరింగు కాలేజీ లాబులో భవనాల వేడి గురించి పరిశోధన చేస్తుంది. లెక్కల కోసం ప్రతి అంతస్తులోనూ బట్టల తీగకి ఒక థర్మామీటరు వేలాడదీసింది. రెండో అంతస్తు మాణిక్యాంబ గారు అది దిష్టికి కట్టారనుకుని తన గుమ్మం ముందున్నదానికి శుక్రవారం శుక్రవారం పసుపు రాసేది. రెండో అంతస్తు లెక్క ఎప్పుడూ ఒక డిగ్రీ తక్కువ వచ్చేది. హైమవతికి ఆ కారణం కనుక్కోవడానికి ఆరు నెలలు పట్టింది.

లాబులో ఒక కొత్త ఉప్పు కనుక్కోవడానికి తొమ్మిదేళ్ళు పట్టింది.

ఆ ఉప్పుని అసోసియేషన్ మీటింగుకి ఒక ఇటుకలో కూరి తెచ్చింది. మీటింగు పార్కింగులో. సెక్రటరీ సుధాకరరావు గారు నీటిపారుదల శాఖలో సూపరింటెండెంటుగా చేసి రిటైరైన మనిషి. ఏ విషయాన్నైనా సారాంశంగా వినడం ఆయనకు సర్వీసులో అలవాటైంది.

"సైన్సు వద్దమ్మా. పనేంటో చెప్పు చాలు," అన్నాడు.

"అయితే దీనిమీద చెయ్యి పెట్టి ఉంచండి బాబాయి గారూ."

పెట్టాడు. ఇటుక చల్లగా ఉంది. రెండు నిమిషాలయ్యాక తియ్యమంది. తీశాడు. ఇటుక ఇంకా చల్లగానే ఉంది.

"ఇప్పుడు టీ తాగండి," అంది.

టీ తాగారు. మారీ బిస్కెట్లు ఎవరు తెచ్చారు, క్రితంసారి ఎవరు తేలేదు అనే చర్చ అయ్యింది. సరిగ్గా పది నిమిషాలకు హైమవతి ఆయన్ని మళ్ళీ ఇటుక ముట్టుకోమంది. ముట్టుకున్నాడు. ఇటుకమీద ఒక అరచెయ్యి వెచ్చగా ఉంది. ఐదు వేళ్ళూ వేరువేరుగా తెలుస్తున్నాయి. ఉంగరం ఉన్నచోట మాత్రం సన్నగా చల్లటి గీత. చుట్టూ ఇటుక ఇటుకలాగే ఉంది.

"ఇది నా చెయ్యే," అన్నాడు సుధాకరరావు గారు, ఎవరో కాదన్నట్టు.

మిగతా వాళ్ళంతా లైన్లో నిలబడి ఇటుకని ముట్టుకున్నారు. గోడల్లో సన్నటి బెజ్జాలు వేసి ఈ ఉప్పు నింపితే, తగిలిన వేడినంతా దాచుకుంటుంది. పెట్టిన గడువు తీరాక, ఏ వేళ వచ్చినదాన్ని ఆ వేళకి, ఏ చోట తగిలినదాన్ని ఆ చోటే, వచ్చిన వరసలోనే తిరిగి ఇస్తుంది. ఈ ఇటుకకి పది నిమిషాలు పెట్టాను, భవనానికి ఎన్ని రోజులంటే అన్ని రోజులు పెట్టొచ్చు అంది హైమవతి. తొంభై రోజులు పెడదామంది. వేసవి వేడి వానల్లో కలిసిపోతుంది, ఎవరికీ తెలియదు.

"ఎవరికీ తెలియకుండా పోవడమెందుకు? అది మన వేడి," అన్నాడు నాలుగో అంతస్తాయన.

ఆ మాటతో అందరికీ సొంత ఆస్తి మీద ఉండే ప్రేమ పుట్టుకొచ్చింది. విజయవాడలో చలికాలమంటే పద్దెనిమిది డిగ్రీలు. ఇరవైకి దిగగానే పవనపుత్రలో కోతిటోపీలు బయటికొస్తాయి. కార్తీక మాసంలో తెల్లవారుజామునే కృష్ణలో మునిగి పుణ్యం తెచ్చుకుని, ఇంటికొచ్చి వేణ్ణీళ్ళతో ఆ చలి వదిలించుకునే కుటుంబాలు ఆ భవనంలో ముప్పై దాకా ఉన్నాయి. వేసవి వేడి సరిగ్గా కార్తీకానికి అందేలా లెక్కవేశారు. రెండు వందల రోజులు. చేతులెత్తమన్నారు. హైమవతి భర్త బసవేశ్వరరావు కూడా ఎత్తాడు.

"నువ్వెందుకెత్తావు? నేను తొంభై అన్నాగా," అంది ఆమె మెట్లెక్కుతూ.

"అందరూ ఎత్తారు కదా హైమా. మనమొక్కళ్ళం దించితే బాగోదు."

బసవేశ్వరరావు గూడ్సు బండి గార్డు. రైల్వే వాళ్ళు ఆ మధ్య గార్డు అనే పేరు తీసేసి ట్రైన్ మేనేజర్ అన్నారు. డ్యూటీకి తీసుకెళ్ళే ఇనప్పెట్టె మాత్రం అదే ఇచ్చారు. ఏ డ్యూటీ ఎప్పుడు పడుతుందో, ఏ బండి ఏ స్టేషన్ అవతల సిగ్నల్ కోసం ఎన్ని గంటలు నిలబడుతుందో తెలియని ఉద్యోగం. ఇంట్లో ఉన్న రోజు మాత్రం నాలుగింటికల్లా స్నానం చేసి, తడి వీపుమీదే బనీను వేసుకుని, హాల్లో నేలమీద కూర్చుని గోడకి ఆనుకుని పేపర్లో గళ్ళ నుడికట్టు నింపేవాడు. నింపడం సగంలో ఆగేది. మిగతా సగం మర్నాటి పేపర్లో జవాబులు చూసి నింపేవాడు. అది తప్పని అతను ఎప్పుడూ అనుకోలేదు. పాతికేళ్ళుగా ఆ గోడమీద అతని వీపంత నూనె మరక ఉంది. పాతికేళ్ళుగా హైమవతి దాని గురించి చెబుతూనే ఉంది.

ఏప్రిల్ పదిహేనున ఉప్పు పనిచేయడం మొదలైంది. మే నెలలో సందులో సాయంత్రాలు ముప్పై రెండు దాటలేదు. పక్క భవనాల వాళ్ళు ఏదో పని ఉన్నట్టు వచ్చి పవనపుత్ర గోడలకి చేతులు ఆనించి నిలబడేవాళ్ళు. పవనపుత్రలో మాత్రం అందరూ ఏసీలు వేసుకునే ఉన్నారు. కొన్న వస్తువు వాడకపోతే పాడైపోతుందని వాళ్ళ నమ్మకం.

జూన్ రెండున బసవేశ్వరరావు పొద్దున్నే డ్యూటీ దిగి వచ్చాడు. స్నానం చేసి గోడకి ఆనుకుని, ఛాతీలో పట్టేసినట్టుంది అన్నాడు. మధ్యతరగతి ఇళ్ళలో ఛాతీనొప్పి ఉండదు. గ్యాసు ఉంటుంది. హైమవతి సోడా కలిపి ఇచ్చింది. మాణిక్యాంబ గారు వాము పంపించింది. సుధాకరరావు గారు గుమ్మంలోంచే చూసి, రాత్రి పప్పు తిన్నావా అని అడిగాడు. తిన్నానన్నాడు. అయితే అదే అన్నాడు. లాబులో ఒక రీడింగు తీసుకోవాల్సి ఉండి హైమవతి గంటలో వస్తానని చెప్పి వెళ్ళింది. గంటలోనే వచ్చింది. అతను అంతసేపు ఉండలేకపోయాడు.

నవంబరు ఒకటిన భవనానికి వేడి తిరిగి వచ్చింది. కుళాయి తిప్పితే వేణ్ణీళ్ళు. కోతిటోపీలు బీరువాల్లోనే ఉండిపోయాయి. సుధాకరరావు గారు చొక్కా లేకుండా వరండాలో తిరుగుతూ, ఎదురింటి వాళ్ళు స్వెటర్లో ఉన్నప్పుడు మాత్రమే వాళ్ళతో మాట్లాడేవాడు.

ఆ సాయంత్రం నాలుగున్నరకి హైమవతి హాల్లో ఏదో కాగితం కిందపడితే వంగి తీసుకుని, లేవడానికి గోడమీద చెయ్యి వేసింది. అది లోపలి గోడ. ఎండ తగలదు, వేడి రాకూడదు. మరక ఉన్నచోట వెచ్చగా ఉంది. ఆమె శాస్త్రజ్ఞురాలు కాబట్టి మొదట థర్మామీటరు తెచ్చింది. ముప్పై మూడున్నర. చుట్టూ ఇరవై ఏడు. థర్మామీటరుతో అంచు వెంట గీత గీసుకుంటూ వెళితే రెండు భుజాలు, మధ్యలో కొద్దిగా వంగిన వెన్ను వచ్చాయి. అతను ఎడమవైపు కొంచెం ఒరిగి కూర్చునేవాడు. గీత కూడా ఎడమకి ఒరిగింది.

అప్పుడు థర్మామీటరు పక్కన పెట్టి, దానికి వీపు ఆనించి కూర్చుంది. ఐదున్నరకి అది చల్లారిపోయింది. ఆ టైముకి అతను లేచి, టీ అడిగేవాడు.

మర్నాడు నాలుగింటికి ముందే కూర్చుంది. రాలేదు. ఆరు దాకా చూసింది. ఏప్రిల్ కేలెండరు తీసి చూస్తే పదహారో తేదీ గడిలో అతని రాత ఉంది: గూడూరు డ్యూటీ. ఆ మర్నాడు కూడా గూడూరే. నాలుగో రోజు వచ్చాడు, గంట ఆలస్యంగా. ఆ రోజు అతను ఎందుకు ఆలస్యమయ్యాడో, తను ఎంత గొడవ చేసిందో హైమవతికి గుర్తుంది. ఈసారి ఏమీ అనలేదు.

అతను బతికుండగా ఎదురుచూసినట్టే ఇప్పుడూ ఎదురుచూడటం మొదలుపెట్టింది. తేడా ఏమిటంటే ఇప్పుడు అతను ఎప్పుడొస్తాడో కచ్చితంగా తెలుసు. లాబులో సెలవులు అతని డ్యూటీలను బట్టి పెట్టుకుంది. ఆఖరి తేదీ కూడా తెలుసు. జూన్ రెండుకి రెండు వందలు కలిపితే డిసెంబరు పందొమ్మిది.

డిసెంబరు వచ్చేసరికి నడి మే నెల వేడి దిగసాగింది. మేలో వాడిన ఏసీలు బయటికి ఊదిన వేడి కూడా గోడలు జాగ్రత్తగా దాచాయి. ఊరంతా ఇరవై ఐదు, పవనపుత్రలో ముప్పై ఎనిమిది. జనం కిటికీలన్నీ తెరిచారు, మళ్ళీ ఏసీలు వేశారు, డిసెంబరులో ఉక్కపోత ఏమిటని హైమవతిని మెట్లమీద నిలదీశారు. చెయ్యెత్తింది మీరే కదా అంటే, మేం కార్తీకం అనుకున్నాం, ఇది మార్గశిరం కదా అన్నారు.

నాలుగో తారీఖున హైమవతి ఇంట్లో అంట్లు తోముతూ రూతమ్మ కళ్ళు తిరిగి కూలబడింది. రూతమ్మ వాచ్‌మన్ ఏసోబు భార్య. ఏడో నెల. ఇద్దరూ మెట్ల కింద గదిలో ఉంటారు.

"ఏం తిన్నావు పొద్దున?" అంది హైమవతి, మొహాన నీళ్ళు చల్లుతూ.

"తిన్నానమ్మా. తిండి కాదు. గదిలో ఉండలేకపోతున్నాం. గోడకి చెయ్యి తగిల్తే చుర్రుమంటంది."

హైమవతి థర్మామీటరు పట్టుకుని కిందికి దిగింది. నలభై ఆరు.

ఆమె లెక్కలో ఎక్కడా తప్పు లేదు. నలభై ఇళ్ళూ, మెట్లూ, లిఫ్టూ, నీళ్ళ టాంకూ అన్నీ లెక్కవేసింది. మున్సిపాలిటీ ఆమోదించిన ప్లాను చూసి వేసింది. ప్లానులో మెట్ల కింద గది లేదు. అక్కడ గది కట్టకూడదు కాబట్టి కాగితంమీద అది ఖాళీ జాగా. ఖాళీ జాగాలోకి ఎంత వేడి వదిలినా గాలికి పోతుందని, చుట్టూ ఉన్న గోడల్లో వేడి అటే వదిలేలా పెట్టింది. ఆ గదికి కిటికీ కూడా లేదు. కిటికీ పెడితే గదని తెలిసిపోతుంది.

గదికి ఒక్కదానికే ఆపే వీల్లేదు. ఆపితే భవనమంతా ఆపాలి. ఆపాలంటే దాచిన వేడినంతా ఒక్కసారి డాబామీది గొట్టాల్లోంచి ఆకాశంలోకి వదిలెయ్యాలి.

ఆమె పైకొచ్చి కేలెండరు చూసింది. పదిహేను రోజులు.

"పార్కింగులో పడుకోండి కొన్నాళ్ళు. ఒక్క రెండు వారాలు చూద్దాం," అంది రూతమ్మతో, ఆమె కళ్ళలోకి చూడకుండా. తన దగ్గరున్న పాత టేబులు ఫాను కూడా ఇచ్చింది. అది తిరగదు. తిరగని వస్తువుని పారేయకుండా అవసరంలో ఉన్నవాళ్ళకివ్వడం ఆ భవనంలో దానధర్మాల కింద వస్తుంది.

తొమ్మిదో తారీఖు సాయంత్రం రూతమ్మ ఇల్లు తుడవడానికి వచ్చేసరికి హైమవతి గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. లేవలేదు. రూతమ్మ ఆమె చుట్టూ తుడుచుకుంటూ వెళ్ళి, చేతిలో గుడ్డతోనే ఎదురుగా నేలమీద కూలబడింది. మోచేతి మీద ఎర్రగా కమిలింది. గోడ తగిలి అని అడక్కుండానే తెలుస్తోంది.

"సారు వచ్చినట్టున్నారు," అంది.

హైమవతి ఉలిక్కిపడింది. "నీకెలా తెలుసు?"

"తడిగుడ్డ పెడితే తెలవదా అమ్మా. నెల రోజులుగా ఆ గోడ తుడుస్తంది నేనే కదా. మొదట్లో భయమేసింది. తర్వాత సారే గదా అనుకున్నా." గోడ వైపు చూస్తూ అడిగింది. "ఇంకెన్నాళ్ళు ఉంటారు?"

"పదకొండు రోజులు. డ్యూటీలు పోతే ఆరు."

"అయితే ఇదన్నమాట."

"ఏది?"

"రెండు వారాలంటే ఏంటో అనుకున్నాలే."

రూతమ్మ గొంతు పెంచలేదు. గుడ్డ పిండుతూ, బియ్యంలో రాళ్ళ గురించి చెప్పినంత మామూలుగా చెప్పింది.

"మీ లెక్కలో నలభై ఇళ్ళొచ్చాయి. లిఫ్టొచ్చింది. పోయిన సారు కూడా గోడలో వచ్చారు. మేం ఇద్దరం కింద బతికే ఉన్నామమ్మా, మేమే రాలా. లోపల ఇదొకటి తన్నుకుంటంది. దీన్నెక్కడ రాస్తారు?"

గోడ వీపుకి వెచ్చగా తగులుతూనే ఉంది. అతను ఆ రోజు నుడికట్టులో ఏ మాట దగ్గర ఆగిపోయాడో తెలియదు.

"నేనెప్పుడూ ఆయన పక్కన ఇలా కూర్చోలేదు రూతమ్మా," అంది హైమవతి. "పాతికేళ్ళూ కుర్చీలోనే కూర్చున్నా. గోడ పాడవుతుందని తిట్టినదాన్ని, వెళ్ళి అదే గోడకి ఎలా ఆనుకుంటాను?"

"కూర్చోవాల్సింది," అంది రూతమ్మ. లేచి బకెట్టు తీసుకుంది. "కుర్చీకేముంది, నేనయినా కూర్చుంటాను. మీరు రమ్మనాలి గానీ."

రమ్మని ఎప్పుడూ అనలేదన్న సంగతి హైమవతికి ఆ బకెట్టు గుమ్మం దాటాక తెలిసింది. వెనకాలే వెళ్ళి, గది చల్లారేదాకా మీరిద్దరూ నా ఇంట్లోనే పడుకోండి అంది. రూతమ్మ సరేనంది. థాంక్సు చెప్పలేదు.

మర్నాడు పార్కింగులో మీటింగు. హైమవతి లేచి, తప్పు తనదేనంది, వేడినంతా రేపే వదిలెయ్యాలంది.

"ఇంకా ధనుర్మాసం రాలేదు కదమ్మా," అన్నాడు సుధాకరరావు గారు బాధగా.

"ఏసోబు వాళ్ళు మీ ఇంట్లో ఉన్నారుగా, ఇంకేంటి తొందర?" అన్నాడు నాలుగో అంతస్తాయన.

"అయితే ఆ గదిలో మీరొక గంట కూర్చోండి. నేను టీ పంపిస్తాను."

ఆయన కూర్చోలేదు. ఒప్పుకోవడం మర్యాదగా ఉంటుందనిపించి అందరూ చేతులెత్తారు. అప్పుడు మాణిక్యాంబ గారు ఒక సందేహం అడిగింది. ఆ వేడంతా డాబామీంచి పోతుందన్నావు, మరి వడియాలు ఎండుతాయా అని. రెండు వందల రోజుల వేడి మూడు గంటల ఇరవై నిమిషాల్లో పోతుంది, రోజుకి ఒక నిమిషం చొప్పున, ఏమైనా ఎండుతాయి అంది హైమవతి. చావుకబురు విన్నట్టున్న మొహాలన్నీ విచ్చుకున్నాయి.

పదకొండో తారీఖు పొద్దున తొమ్మిదింటికే డాబా అంతా చీరలు పరిచేశారు. గుమ్మడి వడియాలు, సగ్గుబియ్యం వడియాలు, చల్ల మిరపకాయలు. హద్దులు ఇటుకలతో పెట్టుకున్నారు. గొట్టానికి దగ్గరి చోటు ఎవరిదనే దాని మీద మొదటి అంతస్తుకీ ఐదో అంతస్తుకీ మాటలు పోయాయి. పదింటికి ఏసోబు కింద వేడి వదిలే మీట తిప్పాడు. అతన్ని తిప్పమంది హైమవతే.

తను హాల్లో మరకకి ఆనుకుని కూర్చుంది. చేతిలో అతని డ్యూటీ గడియారం. గొట్టాల్లోకి పోయేముందు ఏ వేడైనా తను తగిలిన చోటే, అదే వరసలో ఒకసారి పైకొస్తుంది. రోజుకి ఒక నిమిషమంటే, అతను కూర్చునే గంట రెండున్నర సెకన్లవుతుంది. ఆ లెక్క ఆమె ముందే చేసుకుంది.

పావు నిమిషానికి మే ఇరవై ఐదు వచ్చింది. ఎవరో వెనకనుంచి వీపు మీద చెయ్యి వేసి తీసేసినట్టుంది. అంతే. తర్వాత రెండు నిమిషాలు గూడూరు డ్యూటీ, గోడ చల్లగా. హైమవతి కదల్లేదు. మూడో నిమిషం దాటాక మే ఇరవై ఎనిమిది. మళ్ళీ ఆ చెయ్యి. ఈసారి ఊపిరి బిగబట్టి ఉంది కాబట్టి ఎడమ భుజం ఒరగడం కూడా తెలిసింది.

మే ముప్పై వచ్చినప్పుడు ఏదో తేడా ఉంది. వీపు మీద వెచ్చదనం ఉన్నచోటే ఉంది. దానికి ఎడమ పక్కన, ఆమె మోచేతికి తగిలేలా, ఇంకొకటి ఉంది. చిన్నది. గోడకి అంత ఎత్తున రాలేదు. రెండున్నర సెకన్లలో రెండూ పోయాయి.

ఆ ఇంట్లో ఇంకెవరూ లేరు. మే నెలాఖరున చుట్టాలు కూడా రాలేదు. అంత ఎత్తులో వీపు ఉన్న మనిషి ఆ ఇంట్లో ఒక్కతే. హైమవతి ఎంత వెతుక్కున్నా ఆ సాయంత్రం దొరకలేదు. కరెంటు పోయిందేమో. చిక్కుళ్ళకి ఈనెలు తీస్తూ కూర్చుందేమో. అతను ఏదో మాటకి అర్థం అడిగి, చూపించడానికి రమ్మన్నాడేమో. గంటసేపు, భుజం పక్కన భుజం, కూర్చుంది. కూర్చుని లేచి వెళ్ళి, మర్చిపోయింది.

గడియారంలో ఇంకా రెండు నిమిషాల లోపు ఉంది. ఆమె నేలమీదే జరిగి, ఆ చిన్న వీపు ఉన్నచోట తన వీపు పెట్టుకుంది. కుడిపక్కన అతని చోటు ఖాళీగా వదిలి, దాని మీద అరచెయ్యి ఆనించింది.

జూన్ ఒకటి కుడిచేతి కింద వచ్చింది, వెళ్ళింది.

తర్వాతది రావడానికి నిమిషం కూడా పట్టదు. అది పొద్దున కూర్చున్న రోజు. పైన డాబామీద ఎవరో ఎవరివో వడియాలు తిరగేస్తున్నారని కేకలు వినపడుతున్నాయి. రూతమ్మ వంటింట్లోంచి వచ్చి, చేతులు తుడుచుకుంటూ గుమ్మం దగ్గర ఆగిపోయింది.

అరచేతి కింద గోడ వెచ్చబడింది. హైమవతి లెక్కపెట్టింది. ఒకటి, రెండు. మిగతా రోజులు ఇక్కడే ఆగిపోయేవి. ఇది ఆగలేదు. మూడు. సోడా తాగి, వాము నమిలి, ఆమె వెళ్ళాక కూడా లేవకుండా అక్కడే కూర్చున్నాడు. నాలుగు. ఆమె చెయ్యి తియ్యలేదు. ఐదు.

ఆరు అనబోయేసరికి అది మామూలు గోడ.